ధర్మచావడి కప్పు ఎగిరిన వైనం

మేఘాంగ రాజ్యానికి రాజధాని జలధరపురం. ఆ నగరం నడిబొడ్డున, తామరలు కిక్కిరిసిన కందకం నడుమ, నూట ఎనిమిది నల్లరాతి స్తంభాలమీద నిలిచిన భవనం ధర్మచావడి. మూడువందల ఏళ్ళ కిందట ఆదిరాజు ధర్మకేతుడు దాన్ని కట్టించినప్పుడు, దేశంలోని ప్రతి ఇంటివారూ తమ చేతులతో ఒక్కొక్క పెంకు చేసి ఇచ్చారట. అలా పోగైన నలభై వేల పెంకులతో నేసిన ఆ కప్పు ఉదయపుటెండలో కుంకుమరాశిలా, మిట్టమధ్యాహ్నం ఆరబోసిన మిరపపళ్ళలా, సంధ్యవేళ చల్లారుతున్న కుమ్మరి ఆవంలా మెరిసేది. ఆ కప్పు కింద కూర్చుని చెప్పిన తీర్పే తీర్పు. మరెక్కడ చెప్పినా అది రాజుగారి అభిప్రాయం మాత్రమే. ఆ రాజ్యపు చట్టం అది.

అంతటి కప్పు కారుతోంది.

నెల కిందట నిండుసభలో, పోలమ్మ అనే ముసలామె మేక తగాదాలో తీర్పు చెప్పి ముగించిన మరుక్షణాన, నీతివర్ధన మహారాజు ముక్కుమీద ఒక్క నీటిబొట్టు పడింది. మహారాజు తేలు కుట్టినవాడిలా అరిచి, ఉత్తరీయంతో ముఖం కప్పుకుని అంతఃపురంలోకి పరిగెత్తాడు. మూడు రోజులు బయటికి రాలేదు. నాలుగోనాడు వచ్చినప్పుడు ఆయన తలమీద మైనం పూసిన పట్టుతో కుట్టిన ఏడంతస్తుల గొడుగు ఉంది. మర్నాడు మహామంత్రి అనుకూలవర్మ అయిదంతస్తుల గొడుగుతో వచ్చాడు. సేనాపతి మూడంతస్తుల గొడుగు తెచ్చుకున్నాడు. వారం తిరిగేసరికి సభలో ఎవరి హోదా ఎంతో గొడుగు చూసి చెప్పవచ్చు. గొడుగు యోగ్యత లేని ఆస్థానకవి తామరాకు నెత్తిన పెట్టుకుని, చినుకు రాలినప్పుడల్లా ఆకాశగంగ ప్రభువుల పాదసేవకు దిగివస్తున్నదని పద్యం చెప్పి బహుమానం పుచ్చుకుంటున్నాడు. ఇన్ని గొడుగులు పట్టినవారిలో ఒక్కడైనా పైకెక్కి, ఏ పెంకు జరిగిందో చూడలేదు.

మహారాజుకు మాత్రం తొందరగా ఉంది. పాత పెంకులన్నీ దించి కందకంలో పోయించి, వాటి స్థానంలో రాగిరేకులు వేయించాలని ఆయన పట్టుదల. అందుకు ఒక శిలాశాసనం అడ్డు వచ్చింది. పెంకులు నేసే పనివాడొకడు ఇక ఈ కప్పు బాగుపడదని ఒప్పుకుంటే తప్ప, ఒక్క పెంకునైనా దించరాదని ధర్మకేతుడు చెక్కించి పోయాడు. అందుచేత నగరంలో చాటింపు వేశారు. పనివాళ్ళు వచ్చారు. పదకొండుమంది వచ్చి, పదకొండుమందీ కనిపించకుండా పోయారు.

పన్నెండోవాడు సింగన.

సింగనది దక్షిణపు సరిహద్దులోని ఎర్రమన్నూరు. పాతికేళ్ళవాడు. కోతిలా ఎక్కగలడు, పిల్లిలా నడవగలడు. అతడు నేసిన ఇంట్లో ముప్పై ఏళ్ళవరకూ చినుకు రాలదని పల్లెల్లో పేరు. భుజాన కొబ్బరితాడు, నడుముకు చిన్న సుత్తి, చేతిలో కొలతకర్రతో అతడు సభలోకి వచ్చి దణ్ణం పెట్టగానే, అనుకూలవర్మ తాటాకు ఒకటి ముందుకు తోశాడు.

"వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

"దేనిమీదండీ?"

"కప్పును పరిశీలించితిననీ, ఇది ఏ విధంగానూ బాగుపడదనీ నువ్వు విన్నవించుకున్నట్టు ఇందులో రాసి ఉంది."

"నేనింకా కప్పు ఎక్కలేదండి అయ్యగారూ."

"ఎక్కితే తెలిసిపోతుంది కదా," అన్నాడు అనుకూలవర్మ, పసిపిల్లవాడికి నచ్చచెబుతున్నట్టు. "తెలిసినవాడితో పని నడవదోయ్. ఇంతకుముందు వచ్చినవాళ్ళందరూ తెలుసుకుంటామనే పట్టుబట్టారు."

"వాళ్ళిప్పుడు ఎక్కడున్నారండి?"

"పైచదువులకు పంపించాం."

సింగన సింహాసనం వైపు చూశాడు. గొడుగు నీడలో మహారాజు ముఖం సరిగా కనిపించలేదు. గొంతు మాత్రం వినిపించింది. "సూర్యుడు పడమటికి వాలేలోగా వేలిముద్ర పడాలి. పడకపోతే వీణ్ణి కూడా పైచదువులకు పంపుదాం."

"వేస్తానండి మహాప్రభూ. ఒక్కసారి పైకెక్కి చూసొచ్చి వేస్తాను. నిచ్చెన ఒకటి ఇప్పించండి."

నిచ్చెన అనేసరికి సభ కలవరపడింది. రాజ్యంలోని నిచ్చెనలన్నీ నిచ్చెనల అధికారి అధీనంలో ఉంటాయి. నిచ్చెన కావాలంటే ఎంత ఎత్తు ఎక్కాలో రాసివ్వాలి. ఎంత ఎత్తో కొలవాలంటే నిచ్చెన ఎక్కాలి. ఈ చిక్కుముడి విప్పడానికి ఒక ఉపసంఘం తొమ్మిదేళ్ళుగా కూర్చుని ఉంది. కూర్చున్నవారిలో ఇద్దరు పోయారు కూడా.

సింగన బయటికి వచ్చాడు.

చావడి తూర్పు వాకిట పట్టపుటేనుగు వజ్రకాయం నిలబడి చెవులు ఆడిస్తోంది. కొండలా ఎత్తయిన ఆ ఏనుగు వీపునుంచి చూరు రెండు బారల దూరంలో ఉంది. దాని కాళ్ళ దగ్గర మావటి ఎర్రప్ప చెరుకు నములుతున్నాడు.

"అన్నా, నీ ఏనుగు మీదికి ఒకసారి ఎక్కనిస్తావా?" అని అడిగాడు సింగన.

"ఎక్కాలంటే అనుమతి కావాల, తమ్ముడూ. ఏనుగెక్కేది రాజ్యాంగ విషయం."

"దిగాలంటే?"

ఎర్రప్ప చెరుకు నమలడం ఆపి ఆలోచించాడు. "దిగడానికి ఎవురూ ఏమీ చెప్పలా. దిగొచ్చు."

"అయితే నేను దిగుతాను. దిగాలంటే ముందు పైన ఉండాలి గదా, ఆ సాయం నువ్వు చెయ్యి."

ఎర్రప్ప ఇరవై ఏళ్ళుగా రాజసేవలో ఉన్నవాడు. అలాంటి తర్కానికి అలవాటుపడ్డవాడు. అతడు ఏనుగు చెవిలో ఏదో అన్నాడు. వజ్రకాయం తొండం చాచి సింగన నడుము చుట్టి, పూలదండను ఎత్తినట్టు ఎత్తి వీపుమీద పెట్టింది. సింగన అక్కడినుంచి ఒక్క గెంతు గెంతి, చూరు పట్టుకుని, ఒళ్ళు విల్లులా వంచి కప్పుమీద వాలాడు.

పైన ఇంకో లోకం ఉన్నట్టుంది. పెంకుల వరసలు ఎర్రసముద్రపు అలల్లా నడినెత్తిన ఉన్న కొప్పుదాకా లేచిపోయాయి. సందుల్లో పచ్చటి నాచు, అక్కడక్కడ గరిక, ఒకచోట ఎవరూ విత్తని బంతిమొక్క పూసి ఉంది. ఉత్తరాన నల్లని మేఘాలు ఏనుగుల మందలా కదిలివస్తున్నాయి. కొప్పుమీద పదకొండు పావురాలు బారుగా కూర్చుని, అతడు వేసే ప్రతి అడుగునూ తలలు వాల్చి పరీక్షగా చూస్తున్నాయి.

సింగన మోకాళ్ళమీద వంగి, సుత్తితో పెంకులు తడుతూ, చెవి ఒగ్గి వింటూ ముందుకు పాకాడు. ఒక్కటీ బోలుగా పలకలేదు. వాసాలు ఇనుములా ఉన్నాయి. అది మూడువందల ఏళ్ళనాటి పనితనం. ఎవరో పేరు తెలియని మేస్త్రీకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఈ కప్పు ఇంకో మూడువందల ఏళ్ళు నిలుస్తుంది. సింహాసనానికి సరిగ్గా పైన ఏడు పెంకులు మాత్రం పక్కకు జరిగి ఉన్నాయి. అవి గాలికి జరిగినవి కావు. ఎవరో చేత్తో జరిపారు.

అతడు మొదటి పెంకు యథాస్థానంలోకి నెట్టబోయాడు.

"దాన్ని ముట్టుకోకు," అన్నదొక కంఠం.

కొప్పు అవతలినుంచి ఒక యువతి లేచింది. మట్టి మోసే కూలిదానిలా మోకాళ్ళపైకి చీర బిగించి కట్టింది. తలకు పాతగుడ్డ చుట్టుకుంది. కాని ఆమె పాదాలకు లత్తుక పారాణి ఉంది. చేతిలోని కత్తి పిడికి కెంపులు ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"కూలిదాన్ని."

"కూలికొచ్చినవాళ్ళు పెంకులమీద మడమ మోపరమ్మా. వేళ్ళమీద నడుస్తారు. నువ్వు నడిచొస్తుంటే నాలుగు పెంకులు కిర్రుమన్నాయి. ఈ పెంకులు జరిపింది నువ్వేనా?"

యువతి కత్తి ఒరలో పెట్టింది. "నేను అపరంజిని. నీతివర్ధన మహారాజు కూతుర్ని."

సింగన తన పేరు చెప్పి, చేతులు జోడించబోయి, పట్టు తప్పి రెండు వరసలు జారాడు. ఆమె అతడి తాడు పట్టుకుని ఆపింది.

"నాలుగు నెలల కిందట నాన్నగారు వేటకు వెళ్ళివచ్చారు," అని చెప్పసాగింది అపరంజి. "వచ్చిన దగ్గరనుంచీ నన్ను 'రాజకుమారీ' అని పిలుస్తున్నారు. అంతకుముందు ఏనాడూ అలా పిలవలేదు. నన్ను 'పిచ్చికా' అనేవారు. అందరూ ఉన్నప్పుడు కూడా. నాకు అనుమానం వచ్చింది. ఈ పెంకుల లోపలివైపు పాతకాలపు జనం తమ అరచేతుల గుర్తులు వేశారు. ఆ గుర్తులకు తగిలి జారిన నీటి ముందు ఏ మాయవేషమూ నిలవదని మా నాయనమ్మ చెప్పేది. చావడిమీదికి వాలిన అంతఃపురపు పొగడచెట్టు ఎక్కి ఇక్కడికి వచ్చి, వాన పడుతున్నప్పుడు ఆయన నెత్తికి సరిగ్గా పైన పెంకు జరిపాను. బొట్టు ముక్కుమీద పడింది. ముక్కు మైనంలా కరిగి, దాని కింద గద్దముక్కు కనిపించింది."

"సభలో ఎవ్వరూ చూడలేదా అమ్మా?"

"నూట యాభైమంది చూశారు. ఒక్కరికీ కనిపించలేదట. మహామంత్రి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ముక్కు మారడం ప్రభువుల ఆంతరంగిక విషయం, అందులో మనం జోక్యం చేసుకోరాదు అన్నారు."

సింగన ఒక పెంకు తిప్పి చూశాడు. కాలిన మట్టిలో అయిదు వేళ్ళూ స్పష్టంగా కనిపించాయి. ఎవరో ముసలివాడి చెయ్యి కాబోలు, చిటికెన వేలు వంకరగా ఉంది.

"నెలరోజులుగా వాన పడ్డప్పుడల్లా ప్రయత్నిస్తున్నాను," అంది అపరంజి. "ఆ గొడుగుమీద పడి బొట్టు జారిపోతోంది. పైగా ఈ పావురాలు ఒకటి. నేను పెంకు జరిపి అటు వెళ్ళగానే, ఇవి ముక్కులతో నెట్టి మళ్ళీ సర్దేస్తున్నాయి."

"సర్దేస్తున్నాయా?" సింగన పావురాలవైపు చూశాడు. పదకొండూ తలలూపాయి. పైచదువులు ఏమిటో అతడికి అర్థమైంది.

ఉత్తరాన ఉరుము ఉరిమింది. కింద సభలో ఎవరో పైకి చూసి కేకపెట్టారు. "పనివాడు కప్పెక్కాడు" అన్న వార్త గొడుగునుంచి గొడుగుకు పాకింది. సేనాపతి కత్తి దూసి, వాణ్ణి పట్టి తెండని ఆజ్ఞాపించాడు. రెండువందలమంది భటులు చూరు కిందికి పరిగెత్తి, అక్కడ ఆగి, నిచ్చెనల అధికారి కోసం కబురు పంపారు. అధికారి భోజనం చేస్తున్నాడు.

"మనకు గడియ సమయం ఉందమ్మా," అన్నాడు సింగన. "బొట్లు చాలవు. వాగు కావాలి. ఈ వాలుమీద పడే నీళ్ళన్నీ ఒక్కచోటికి తెస్తాను. నేను తీసిచ్చిన పెంకు తీసిచ్చినట్టు వెల్లకిల్లా పెట్టండి. గుర్తులు పైకి ఉండాలి."

ఆ తర్వాత సింగన చేతులు కంటికి ఆనలేదు. కొప్పునుంచి ఏటవాలుగా ఒక వరస పెంకులు పెకలించి, దోసిళ్ళలా తిరగేసి, ఒకదాని అంచు మరొకదాని నోట్లో పెడుతూ కాలవ కట్టాడు. ఇటు చివరనుంచి ఇంకో కాలవ. రెండూ సింహాసనం పైనున్న ఏడు పెంకుల దగ్గర కలిశాయి. అపరంజి చేతులకు గీతలు పడి నెత్తురు చిమ్ముతున్నా ఆగలేదు. ఆఖరి పెంకు పెట్టేసరికి మొదటి చినుకు ఆమె నుదుట పడింది.

మరుక్షణం ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసింది.

నలభై వేల పెంకులమీద పడిన నీరంతా రెండు కాలవల్లోకి దూకి, మూడువందల ఏళ్ళనాటి వేలాది వేళ్ళను తడుముతూ పరుగెత్తి, ఏనుగు తొండమంత ధారగా సభలోకి దిగింది. ఏడంతస్తుల గొడుగు మొదట వణికింది. తర్వాత ఒక్కొక్క అంతస్తే చిరుగుతూ వచ్చింది. గొడుగు పట్టిన సేవకుడు కర్ర వదిలి పారిపోయాడు. ధార మహారాజు నెత్తిన పడింది.

నీతివర్ధనుడి తెల్లని గడ్డం రంగునీళ్ళలా కారిపోయింది. నుదురు జారింది. చెంపలు కరిగాయి. కిరీటం కింద పసుపుపచ్చ కళ్ళు, గద్దముక్కు, భుజాలదాకా వేలాడే చెవులతో ఇంకో ముఖం మిగిలింది. అది విడంబుడనే మాంత్రికుడిది. ఏడు రాజ్యాల్లో ఏడుగురు రాజుల రూపాలు ధరించి కూర్చున్న వాణ్ణి చిత్రపటాల్లో చూడనివారు లేరు.

పెంకుల సందులోంచి సింగన, అపరంజి చూస్తున్నారు. ఇక భటులు కత్తులు దూస్తారని, మాంత్రికుణ్ణి చుట్టుముడతారని ఇద్దరూ ఎదురుచూశారు.

అనుకూలవర్మ ముందుకు వచ్చాడు. సింహాసనాన్ని, కిరీటాన్ని, కిరీటం కిందిదాన్ని నింపాదిగా పరిశీలించాడు. గొంతు సవరించుకున్నాడు.

"కిరీటం అదే. సింహాసనం అదే. మారినదల్లా ముఖం ఒక్కటి. రాజుకు ఫలానా ముఖమే ఉండాలని చట్టంలో ఎక్కడా రాసి లేదు. ఉన్న ముఖంతోనే ప్రభువులు చిరకాలం పాలించాలని సభ తరఫున కోరుకుంటున్నాను."

సభ్యులు గొడుగులు ఊపి హర్షధ్వానం చేశారు. ఆస్థానకవి తామరాకు సర్దుకుని, గరుత్మంతుడి ముక్కుతో పోలుస్తూ అప్పటికే రెండు పాదాలు కట్టేశాడు. విడంబుడికే ఆశ్చర్యం వేసింది. నాలుగు నెలలుగా ఊపిరాడని వేషంలో ఎందుకు అవస్థపడ్డానా అని అతడు అనుకున్నట్టు ముఖంలో కనిపించింది.

అప్పుడు చావడి చివరన, స్తంభానికి ఆనుకుని కూర్చున్న పోలమ్మ లేచింది. మేక పోయిన నాటినుంచీ రోజూ వచ్చి అక్కడే కూర్చుంటోంది.

"మొకం సంగతి మీరూ మీరూ చూసుకోండి బాబూ," అంది. "నా మేకని ఎదటోడికి ఇచ్చేసిన తీర్పుందే, అది ఎవరు చెప్పినట్టు? రాజుగారు చెప్పినట్టా, ఈ బాబు చెప్పినట్టా?"

పోలమ్మ కొంగు నడుముకు బిగించింది.

"ఈ బాబు చెప్పిందైతే అది తీర్పు కాదు. నా మేక నాకు ఇప్పించండి."

ఆ వెనక ఒక సాలెవాడు లేచాడు. అతడి మగ్గం అలాగే పోయింది. తర్వాత పొలం పోయినవాడు లేచాడు. తర్వాత కొడుకు చెరపాలైన తల్లి. క్షణంలో చావడి వెనకభాగమంతా నిలబడింది. ఎవరూ కేకలు వేయలేదు. అందరూ ఒక్కసారి ఒక్కొక్క అడుగు ముందుకు వేశారు.

విడంబుడు మొదటిసారి బెదిరాడు. తడిసిన చేతులు తుడుచుకుంటూ సింహాసనం దిగాడు. "ఈ కప్పును చూసుకుని కదా మీకింత పొగరు," అని పళ్ళు నూరి, మొలలోని బరిణె తీసి, చితాభస్మం పైకి విసిరాడు. "గాలి భూతమా, దీన్ని పెకలించుకుపోయి పడమటి సముద్రంలో ముంచెయ్."

నేల దద్దరిల్లింది. నూట ఎనిమిది స్తంభాలూ మూలిగాయి. వాసాలు, దూలాలు, పెంకులు, నాచు, బంతిమొక్క సమేతంగా ఆ మహా కప్పు కుండమీద మూతలా లేచి, ఒకసారి గిరగిర తిరిగి, ఆకాశంలోకి ఎగిరిపోయింది.

కింద వాన నేరుగా సభమీద పడుతోంది. అనుకూలవర్మ లేఖకుణ్ణి పిలిచాడు. "రాసుకో. ధర్మచావడి కప్పు కారే సమస్య నేటితో శాశ్వతంగా పరిష్కారమైంది." లేఖకుడు రాయబోయాడు గాని, తాటాకు తడిసిపోయింది.

ఆ మాటలు సింగనకు వినబడలేదు. చెవుల్లో గాలి హోరుమంటోంది. జలధరపురపు మేడలు బొమ్మరిళ్ళలా, ఆ తర్వాత ఆవగింజల్లా కిందికి జారిపోయాయి. అపరంజి పట్టు తప్పి చూరువైపు దొర్లింది. సింగన కొబ్బరితాడు ఒక కొస కొప్పుదూలానికి బిగించి, రెండో కొస విసిరాడు. ఆమె అందుకుంది గాని, అప్పటికే కాళ్ళు శూన్యంలో వేలాడుతున్నాయి. అతడు చేతులు కోసుకుపోతున్నా వదలక, బారబారగా లాగి ఆమెను వాలుమీదికి చేర్చాడు.

కప్పు ఒక పక్కకు ఒరిగింది. కొప్పుమీద రెక్కలు ముడిచి బిక్కచచ్చి కూర్చున్న పావురాలు పదకొండూ దొర్లుకుంటూ వచ్చి, వెల్లకిల్లా పెట్టిన పెంకుల కాలవలో, మిగిలివున్న నీళ్ళలో పడ్డాయి. రెక్కలు కొట్టుకున్న చప్పుడు అయింది. ఆ వెంటనే దగ్గులు, తుమ్ములు వినిపించాయి. పదకొండుమంది మనుషులు గోచీలతో కాలవలోంచి లేచి కూర్చున్నారు.

వారిలో పెద్దవాడు, తెల్లటి మీసాల ఓబన్న, కళ్ళు నులుముకుని చుట్టూ చూశాడు. ఎగిరే కప్పును చూశాడు. కింద మేఘాలను చూశాడు. చివరికి కాలవను చూసి ముఖం చిట్లించాడు.

"ఎవుడ్రా ఈ పెంకులు ఎనక్కి తిప్పి పెట్టింది?"

"నేనే తాతా. తర్వాత చెబుతాను. ముందు అందరూ మధ్యకి రండి. బరువు ఒక పక్కే ఉంటే కప్పు విరిగిపోద్ది."

పనివాళ్ళకు రెండోసారి చెప్పనక్కరలేకపోయింది. తలకొక వాసం పట్టుకుని సర్దుకున్నారు. కప్పు నిలకడగా పడమటికి సాగింది. దూరాన సముద్రం వెండిగీతలా కనిపించసాగింది.

అపరంజి తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, ఓబన్న ముందు మోకరిల్లింది. "తాతా, మీరు పావురాలై ఇన్నాళ్ళు ఎగిరారు. ఎక్కడైనా మా నాన్నగారిని చూశారా? ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటుంది."

ఓబన్న మిగిలినవాళ్ళ ముఖాలు చూశాడు. "గింజల కోసం గద్దకొండ దాకా పోయినామమ్మా. అక్కడ కోట బురుజుమీద ఒకాయన్ని గొలుసులేసి కట్టేశారు. తనకు పెట్టిన రొట్టె చిదిమి మాకు వేసేవోడు. గాటు సంగతి నాకు గురుతులేదు. ఒక పిట్టొచ్చి వాలితే మటుకు ఆయన దానితో మాట్లాడేవోడు. 'పిచ్చికా, బాగున్నావా' అనేవోడు."

అపరంజి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడవలేదు. చేతులు తీసినప్పుడు ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "గద్దకొండ ఎటువైపు?"

"ఉత్తరానికి. మనం పోయేది పడమరకి గదమ్మా."

సింగన అప్పటికే ఆలోచిస్తున్నాడు. గాలి భూతం కప్పును కిందినుంచి మోస్తోంది. కనబడకపోయినా, దాని ఒగర్పు దూలాల సందుల్లోంచి వినిపిస్తోంది. తలమీద గంప మోసేవాడు బరువు ఎటు వాలితే అటు నడవక తప్పదు. భూతమైనా అంతే.

"ఉత్తరపు వాలుమీదికి పోదాం, పన్నెండుమందిమీ," అన్నాడు. "కొప్పుపెంకులు పదివరసలు తీసి అక్కడ పేర్చండి. మెల్లగా, ఒకేసారి."

పనివాళ్ళు బారులుతీరి చేతినుంచి చేతికి పెంకులు అందించుకున్నారు. కప్పు మూలిగింది. కింద భూతం తిట్టింది, తడబడింది, బరువు వాలినవైపు అడుగులు వేయసాగింది. సముద్రపు వెండిగీత ఎడమచేతివైపు తప్పుకుంది. ఎదురుగా నల్లని శిఖరాలు లేచాయి. అన్నిటికంటే ఎత్తయిన కొండమీద, పాముపడగలా వంగిన కోట. దాని బురుజు చుట్టూ రాతి గద్దలు నాలుగు, ఒక్కొక్కటి ఒక్కొక్క ఇల్లంత, తలలు తిప్పి ఇటే చూస్తున్నాయి. వాటి నడుమ గొలుసులతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"నాన్నగారు," అంది అపరంజి.

ఓబన్న చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చూశాడు. "సింగనా, ఈ కప్పు అక్కడ దిగడానికి సమానమైన చోటు లేదురా. బురుజుమీద వాలిందంటే ఒక్క పెంకు దక్కదు."

అపరంజి తండ్రినుంచి చూపు తిప్పి, కాళ్ళ కింది ఎర్రని అలలను చూసింది. "ఇది పోతే రేపు ఆయన మాట చెల్లే చోటు కూడా ఉండదు, సింగనా. మూడువందల ఏళ్ళనాటిది."

ఈ కప్పును బాగుచేయడానికే సింగన ఎర్రమన్నూరునుంచి ఆరురోజులు నడిచి వచ్చాడు. ఒక్క పెంకు బోలుగా పలకలేదని పొద్దున ఎంత సంతోషించాడో అతడికే తెలుసు. దూలాన్ని ఒకసారి అరచేత్తో నిమిరాడు.

"పెంకులు చేసేవాళ్ళం పన్నెండుమందిమి ఉన్నాం అమ్మా," అన్నాడు. "జనం అక్కడే ఉన్నారు, మళ్ళీ ఇస్తారు. పోలమ్మ మొదటి పెంకు ఇస్తుంది, చూడండి."

అప్పుడే నాలుగు రాతిగద్దలూ ఒకేసారి రెక్కలు విప్పాయి. వాటి మీదినుంచి ఏళ్ళనాటి దుమ్ము కొండలోయలోకి రాలింది. సింగన నడుముకు తాడు బిగించుకుని, రెండు చేతులా రెండు పెంకులు ఎత్తాడు.

"మీసాల తాతా, నువ్వు ఎడమవైపు చూసుకో. మిగతావాళ్ళు నా వెనకాల నిలబడి అందించండి. అమ్మా, మీరు ఆ దూలం కొస పట్టుకుని, నేను చెప్పగానే గొలుసుల మీదికి దూకండి."

మొదటి గద్ద ముక్కు తెరిచి మీదికి వచ్చింది. సింగన విసిరిన పెంకు దాని కంట్లో పగిలింది. ధర్మచావడి కప్పు ముందుకు వంగి, బురుజుకేసి దూసుకుపోయింది.